"తేరుకో" అంటే ఏం చెయ్యమని?

ప్రశ్న అడిగినవాడు, నల్లగొండ:

అందరికీ నమస్తే. ఒక మాట గురించి అడగాలని వారం నుంచి అనుకుంటున్నాను. మాట చిన్నదే: తేరుకోవడం.

సందర్భం చెప్పకుండా అడిగితే ప్రశ్న సగమే అవుతుంది, అందుకే చెప్తున్నా. నాకు ముప్పై రెండేళ్ళు. గ్రూప్స్ మూడుసార్లు రాశాను. మూడోసారి కూడా జాబితాలో నా నంబరు లేదు. మొదటిసారి పోయినప్పుడు అనుభవం అనుకున్నా. రెండోసారి టైమ్ బాగాలేదు అనుకున్నా. మూడోసారి ఏమనుకోవాలో మాట దొరకలేదు. హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి, పుస్తకాలు రెండు బియ్యం సంచుల్లో కుక్కుకుని ఇంటికి వచ్చేశా. ఆ తర్వాత పది పన్నెండు రోజులు అరుగు మీద కూర్చోవడం తప్ప ఏ పనీ చెయ్యలేదు.

ఒకరోజు అమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "ఎన్ని దినాలు గిట్ల కూసుంటవు బిడ్డా, జర తేరుకో" అని లోపలికి పోయింది.

అప్పటిదాకా చాలామంది చాలా చెప్పారు. మేనమామ "నిలదొక్కుకోవాలె" అన్నాడు. దోస్తు ఫోన్ చేసి "పుంజుకుంటవు లేరా" అన్నాడు. వాళ్ళ మీద కోపం లేదు కానీ, నిలదొక్కుకోవాలంటే కాళ్ళ కింద గట్టి నేల ఉండాలి కదా. పుంజుకోవాలంటే ఎంతో కొంత బలం మిగిలి ఉండాలి. ఆ రెండూ నా దగ్గర లేవు. అమ్మ అన్న మాట మాత్రం ఎందుకో బరువు అనిపించలేదు. తేరుకోవడానికి ఏం కావాలి? ఆ మాటకు అసలు అర్థం ఏమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

తెలుగు సార్ (రిటైర్డ్), మిర్యాలగూడ:

నాయనా, మీ అమ్మగారు మంచి మాటే ఎంచుకున్నారు.

తేరడం అనేది నీళ్ళకు సంబంధించిన మాట. వానకాలంలో చెరువు నీళ్ళు బిందెతో తెచ్చి పెడితే మొదట బురదగా ఉంటాయి. కదపకుండా ఉంచితే మట్టి మెల్లగా అడుగుకు దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. నీళ్ళు తేరాయి అంటారు. తేట, తేటపడడం, తేటతెల్లం, తేరిపార చూడడం, ఇవన్నీ ఆ కుటుంబంలోని మాటలే. పూర్వం దీన్ని బండి ఱ పెట్టి "తేఱు" అని రాసేవారు. రథం అనే అర్థమున్న తేరుకు మామూలు ర. ఇప్పుడు రెండూ ఒకే తీరుగా రాస్తున్నాం కాబట్టి ఒకాయన నాతో "తేరుకోవడం అంటే కింద పడ్డవాడు మళ్ళీ రథం ఎక్కడం" అని గంటసేపు వాదించాడు. వినడానికి బాగుంది, కానీ నిజం కాదు.

ఇంకో సంగతి. తేరు అకర్మకం, తేర్చు సకర్మకం. నీళ్ళు తేరతాయి, మనం నీళ్ళను తేరుస్తాం. మీ అమ్మగారు "నిన్ను నువ్వు తేర్చుకో" అనలేదు, "తేరుకో" అన్నారు. చంటిపిల్లను "నిద్రపో" అన్నట్టు. నిద్రపో అంటే ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు, అంతే. విధి రూపంలో ఉంది కాబట్టి ఆజ్ఞలా వినిపిస్తుంది, కానీ ఆ మాటలో నువ్వు చెయ్యాల్సిన పని లేదు. నీకు బరువు అనిపించకపోవడానికి కారణం అదే అనుకుంటా.

దేవరకొండ నుంచి:

సార్ చెప్పింది విన్నాక మా నాయనమ్మ మాట గుర్తుకొచ్చింది. జ్వరం తగ్గినంక "ఇప్పుడు పానం నిమ్మళమైందా?" అని అడిగేది. నిమ్మళం కూడా ఇలాంటిదేనా?

తెలుగు సార్, మిర్యాలగూడ:

అచ్చంగా ఇలాంటిదే. సంస్కృతంలో నిర్మలం, ప్రాకృతం మీదుగా మనకు నిమ్మళం అయింది. మురికి లేనిది, తేటైనది. ఒకటి దేశ్యం, ఇంకొకటి బయటి నుంచి వచ్చింది. రెండూ నీళ్ళ మీదుగానే మనిషి ఆరోగ్యం దాకా నడిచాయి. ఇంతకన్నా వింత ఒకటుంది. మనవాళ్ళు నష్టం వస్తే మునిగిపోతారు, కష్టం తీరితే గట్టెక్కుతారు, మనసు కుదుటపడితే తేరుకుంటారు. తాగడానికి నీళ్ళకే కటకటపడ్డ జిల్లాల్లో కష్టసుఖాలు చెప్పుకోవడానికి అన్నీ నీళ్ళ మాటలే.

భువనగిరి నుంచి:

సార్, మరి కోలుకోవడం? కోల అంటే కర్ర కదా. కర్ర పట్టుకుని లేవడం అని మా ఫ్రెండ్ చెప్పాడు.

తెలుగు సార్, మిర్యాలగూడ:

మీ ఫ్రెండు, నా రథం ఆయన ఒకే బడిలో చదివినట్టున్నారు. వేడుకోలు, మేలుకోలు, కొనుగోలు అంటాం చూశారా, వాటిలోని కోలు "కొను" నుంచి వచ్చిందే. కోలుకోవడంలోనూ అదే అని నా నమ్మకం. కర్ర అక్కర్లేదు.

పాలమూరు మనిషి, ఉద్యోగం చెన్నైలో:

నేను ఇక్కడికి వచ్చి పదేళ్ళు. తమిళంలోనూ తేఱు ఉంది, అదే బండి ఱ తోనే. ఊరట చెందడం, జబ్బు నుంచి లేవడం, రెండూ అదే మాట. ఓదార్చడాన్ని తేఱ్ఱు అంటారు, మన తేర్చులాగా. తమాషా ఏమిటంటే, పరీక్ష పాసవ్వడాన్ని కూడా ఇక్కడ తేఱు అంటారు. "పరీక్షలో తేరాడా?" అంటే పాసయ్యాడా అని. తమ్ముడి పోస్టు చదివి ఇది చెప్పాలా వద్దా అని కాసేపు ఆగాను. తప్పుగా అనుకోవద్దు.

నారాయణపేట నుంచి:

అన్నా, కన్నడంలో కూడా అంతే. మా ఊళ్ళో సగం ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. పాసయ్యాడు అనడానికి "తేర్గడె" అంటారు.

ప్రశ్న అడిగినవాడు, నల్లగొండ:

తప్పేం లేదన్నా, పది రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాను. పక్క రాష్ట్రాల వాళ్ళు ఈ మాటతో పాసవుతున్నారు, మనం ఫెయిలయ్యాక వాడుకుంటున్నాం. అమ్మకు చెప్తే "అయితే తేరుకుంటే పాసైనట్టే గదా" అన్నది. వాదనలో అమ్మతో గెలవలేం.

సార్ చెప్పిన నిద్రపో పోలిక నాకు బాగా నచ్చింది. నీళ్ళను కదపకుండా ఉంచాలి అంటే, నేను అరుగు మీద కూర్చోవడం తప్పేం కాదన్నమాట.

కల్వకుర్తి అక్క:

తమ్మీ, అక్కడే ఆగు. నేను భాష చదువుకోలేదు, నీళ్ళ గురించి మాత్రం తెలుసు.

మేము నాలుగు బోర్లు వేసినం. మూడు ఫెయిల్. మూడోది పోయిన రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అప్పు ఎంతని అడగకండి. నాలుగోదాంట్లో రెండించుల నీళ్ళు పడ్డయి. అయితే పడ్డ నీళ్ళు చూస్తే ఏడుపొచ్చింది. రాతిపిండి కలిసి బూడిద రంగుల చిక్కగా వచ్చినయి. అవి బోరులోనే అట్ల నిలవబెడితే తేరతయా? తేరవు. పిండి అడుగున గడ్డకట్టి బోరే పూడుతది. మోటారు దించి, నీళ్ళు బయటికి వదులుతనే ఉండాలె. మేము పొద్దంతా వదిలినం. సాయంత్రానికి గ్లాసుల పట్టి చూస్తే ఇవతలి నుంచి అవతలి వేళ్ళు కనపడ్డయి.

బిందెల నీళ్ళు కదపకుంటే తేరతయి. బోరు నీళ్ళు తోడితేనే తేరతయి. నువ్వు బిందెవో బోరువో ముందు చూసుకో.

ఇంకోటి. మా తాత తరంలో పాలమూరు నుంచి డ్యాముల పనికి, కాల్వల పనికి గుంపులు గుంపులుగా పోయేటోళ్ళు. పంట పోతే అరుగు మీద కూసునే టైమ్ ఎక్కడిది? మూట కట్టుకుని మేస్త్రీ ఎంట నడిచేటోళ్ళు. వాళ్ళు తేరుకున్నది పనిలోనే. బాగా తేరుకున్నరా అంటే చెప్పలేను. మా తాత నాతో ఎన్నడూ ఆ సంగతులు మాట్లాడలేదు.

తెలుగు సార్, మిర్యాలగూడ:

అమ్మా, నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, మీ బోరు ముందు నా బిందె చిన్నబోయింది. వ్యాకరణం వరకు నా మాట నిలుస్తుంది, బతుకులో మీదే నిలుస్తుంది.

మర్రిగూడ నుంచి:

ఇద్దరికీ నమస్కారం. ఒక చిన్న అభ్యంతరం ఉంది.

మా వైపు నీళ్ళు ఎప్పుడూ తేటగానే ఉండేవి. గ్లాసులో పోస్తే అద్దంలా కనపడేవి. అవి తాగే మా పెద్దవాళ్ళ పళ్ళకు గార పట్టింది, ఎముకలు వంగిపోయాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అంటారు, కానీ అది కంటితో చూసి తెలుసుకునేది కాదు, వడకడితే పోయేదీ కాదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్ళు ఇగిరిపోయి ఇంకా చిక్కబడుతుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చేదాకా మా కష్టం అదే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫలానావాడు తేరుకున్నాడు అని మనం మొహం చూసి చెప్పేస్తాం. నవ్వుతున్నాడు, తింటున్నాడు, తేటగా ఉన్నాడు అంటాం. మా నీళ్ళు కూడా తేటగానే ఉండేవి. నేను చిన్న వ్యాపారం పెట్టి మునిగినప్పుడు నెల తిరక్కుండానే అందరూ నన్ను తేరుకున్నాడు అన్నారు. నేనూ అవునన్నాను. రాత్రి మూడింటికి లేచి లెక్కలు చూసుకోవడం ఇంకో రెండేళ్ళు ఆగలేదు. చివరికి మా అన్నకు మొత్తం చెప్పాకనే నిద్ర పట్టింది. కాబట్టి తమ్ముడు అరుగు మీద కూర్చున్నా, పనిలోకి పోయినా, ఒక మనిషికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి.

నీళ్ళ సరఫరాలో పనిచేసి రిటైరైనవాడు, నల్లగొండ:

మర్రిగూడ మిత్రుడు ఫ్లోరైడ్ ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆ విషాన్ని తీసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. 1970ల్లో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు రూపొందించారు. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్. ఇంట్లో చేసుకోవడానికి 40 లీటర్ల బకెట్, అడుగు కంటే కాస్త పైన ఒక నల్లా. మందు వేసి పది నిమిషాలు మెల్లగా కలపాలి, తర్వాత గంటసేపు ముట్టుకోకూడదు. దూదిపింజల్లాంటి తెట్టు పుట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పై నీళ్ళు నల్లా నుంచి పట్టుకోవాలి.

ఇందులో అక్క చెప్పిన కలపడమూ ఉంది, సార్ చెప్పిన ఆగడమూ ఉంది. ముందు కలపకుండా ఊరికే నిలబెడితే పటిక పటికలాగే ఉంటుంది. ఎంతసేపటికీ కలుపుతూనే ఉంటే తెట్టు చెదిరిపోతుంది, దిగదు. జనం ఎక్కువగా చేసే తప్పు మూడోది: అడుగు మడ్డి పారబొయ్యకుండా అందులోనే మళ్ళీ నీళ్ళు పొయ్యడం. ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. పైన తేటగానే ఉంది కదా అనేవారు.

అచ్చంపేట నుంచి:

పటిక కంటే ముందు మా వైపు చిల్లగింజ ఉండేది. నల్లమల అడవిలో చెట్లు ఉన్నాయి. కొన్నిచోట్ల ఇందుప గింజ అంటారు. కుండ లోపల ఆ గింజను అరగదీసి నీళ్ళు పోస్తే బురద అడుగుకు దిగుతుంది.

పాలమూరు మనిషి, చెన్నై:

అన్నా, ఇది చదివి కుర్చీలోంచి లేచాను. ఆ గింజను తమిళంలో తేఱ్ఱాన్ కొట్టై అంటారు! తేర్చే గింజ అని. హిందీలో నిర్మలి. పొద్దున సార్ చెప్పిన తేఱు, నిర్మలం రెండూ ఈ ఒక్క గింజ పేర్లలోనే ఉన్నాయి.

తెలుగు సార్, మిర్యాలగూడ:

సంస్కృతంలో దాని పేరు కతకం. మనుస్మృతి ఆరో అధ్యాయంలో దాని మీద ఒక శ్లోకం ఉంది. కతక వృక్షం పండు నీళ్ళను తేటపరిచేదే అయినా, ఊరికే దాని పేరు పలికితే నీళ్ళు తేరవు అని భావం. మనం ఇక్కడ పొద్దుటి నుంచి చేస్తున్నది ఆ పేరు పలకడమే. అయినా నాకేం చింత లేదు, ఈ రోజు బాగా గడిచింది.

ప్రశ్న అడిగినవాడు, నల్లగొండ:

సార్, అక్కా, అందరికీ ధన్యవాదాలు. నేను బిందెనా బోరునా అని రెండు రోజులు ఆలోచించా. తేలలేదు. బకెట్ అనుకుంటున్నా, అడుగున మడ్డి బాగానే ఉంది. మర్రిగూడ అన్న చెప్పినట్టు నిన్న రాత్రి అమ్మకు ఒక సంగతి చెప్పేశా. మూడోసారి రాసేటప్పుడే నాకు చదవబుద్ధి కాలేదు, ఊరికి రావడానికి మొహం చెల్లక ఇంకో ఏడాది రూమ్‌లో ఉన్నాను, ఆ ఏడాది డబ్బులు దండగ అని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు ఎరుకే" అన్నది.

సంచుల్లోని పుస్తకాలు ఈ రోజు విప్పాను. సగం పక్క వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి తీసుకుపోయింది. మళ్ళీ రాస్తానో లేదో ఇప్పుడే చెప్పను. సోమవారం నుంచి మా వాడకట్టు పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్తా అన్నాను. నలుగురు వస్తామన్నారు.

అచ్చంపేట అన్నా, చిల్లగింజలు ఇంకా దొరుకుతాయా? ఒక నాలుగు పంపితే పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటా. అమ్మ చిన్నప్పుడు చూసిందట, మళ్ళీ చూడాలంటున్నది.

అచ్చంపేట నుంచి:

ఖర్చు ఏం వద్దు తమ్మీ. అడ్రస్ ఇక్కడ పెట్టకు, విడిగా పంపు. అమ్మగారికి చెప్పు, కుండ మట్టిదే కావాలె. స్టీల్ బిందె నున్నగా ఉంటది, గింజ అరగదు.