ఉగాది సాయంత్రం స్టీవ్ క్రాపర్‌కి ముప్పావు గంట: ఎవరెవరు ఏం చూస్తున్నారు?

సాంస్కృతిక విభాగం: అందరికీ నమస్కారం. మొన్న మీటింగులో అనుకున్నట్టు, ఉగాది రోజు భోజనాలకు ముందు ముప్పావు గంట గిటారిస్టు స్టీవ్ క్రాపర్ జ్ఞాపకార్థం పెడుతున్నాం. 2025 డిసెంబర్ 3న నాష్‌విల్‌లో పోయారాయన, 84 ఏళ్లు. "ఆయనెవరో మనకెందుకు?" అని ఇద్దరు ఫోన్ చేసి మరీ అడిగారు. మనం ఉంటున్నది మెంఫిస్‌లో, ఆయన పేరు తెచ్చుకున్న స్టాక్స్ రికార్డుల స్టూడియో కూడా ఇక్కడి మెక్‌లెమోర్ అవెన్యూలోదే గనక. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఎల్విస్ ఇల్లు చూపించి పంపేస్తాం తప్ప మెక్‌లెమోర్ అవెన్యూ వైపు ఒక్కరినైనా తిప్పామా? ఏళ్ల తరబడి ఈ ఊరి ఉప్పు తింటున్నాం, ఒక్క సాయంత్రం ఇద్దాం.

మధ్యలో కథ నేను చెప్తాను. చిత్తుప్రతి ఇది, ఎక్కువైతే కోసేయండి:

1960. జిమ్ స్టువర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కలిసి మెక్‌లెమోర్‌లో ఒక పాత సినిమా హాలును స్టూడియో చేసుకున్నారు. అదే స్టాక్స్. కుర్చీలు పీకేశారు గానీ నేల ఏటవాలు అలాగే ఉండిపోయింది. ముందు వైపు తినుబండారాలు అమ్మేచోట రికార్డుల కొట్టు పెట్టారు. 1962 వేసవిలో ఒక రోజు, వేరే గాయకుడి కోసం వచ్చిన వాద్యగాళ్లకి (వాళ్లలో క్రాపర్ ఒకడు) ఆ పని సాగలేదు. ఖాళీగా కూర్చోలేక నెమ్మదైన బ్లూస్ ఒకటి వాయించుకుంటుంటే స్టువర్ట్ టేపు తిప్పేశాడు. బాగుంది, మరి రికార్డుకి రెండో వైపు ఏం వేద్దాం అన్నాడు. ఆర్గన్ దగ్గరున్న బుకర్ టి. జోన్స్ తన దగ్గరున్న ఒక వరస మొదలెట్టాడు. అతనికి అప్పుడు 17 ఏళ్లు, క్రాపర్‌కి 20. అదే "గ్రీన్ ఆనియన్స్", మాటల్లేని వాద్య పాట; ఈ బృందం పేరు బుకర్ టి. అండ్ ది ఎం.జి.స్. క్రాపర్ దాన్ని ఊళ్లోని డబ్ల్యూఎల్ఓకే రేడియోకి పట్టుకెళ్తే, వాళ్లు రెండో వైపే మళ్లీ మళ్లీ వేశారు. చివరికి నల్లజాతి శ్రోతల ఆర్ అండ్ బీ పాటల పట్టికలో 1, పాప్ పట్టికలో 3వ స్థానం.

వంట కమిటీ: గ్రీన్ ఆనియన్స్ అంటే ఉల్లికాడలే కదా? ఇంకేం, ఉల్లికాడల పకోడీ వేసేద్దాం. రెండు వందల మందికి ఎన్ని కట్టలు కావాలో రేపు చెప్తాను. (మా వైపు ఉల్లాకు అంటారు, మెనూ చీటీ మీద ఏది రాస్తారో మీ ఇష్టం.)

గిటార్ అబ్బాయి నాన్న: అక్కా, మావాడు గ్రీన్ ఆనియన్స్ నేర్చేసుకున్నాడు. మధ్యలో రెండు నిమిషాల సోలో ఇస్తే దుమ్ము దులుపుతాడు.

సాంస్కృతిక విభాగం: తమ్ముడూ, ఆ పాట మొత్తం కలిపితేనే మూడు నిమిషాలు లేదు! అబ్బాయిని ఇంకోసారి వినమను. ఆర్గన్ వరస నడుస్తుంటుంది, గిటార్ మధ్యలో వచ్చి కత్తితో గీసినట్టు రెండు మూడు స్వరాలు కొట్టి ఆగిపోతుంది. ఆ ఖాళీయే క్రాపర్. మనవాళ్లకి చెయ్యి ఊరుకోదు, అదే నా టెన్షన్. కీబోర్డు అమ్మాయికి కూడా ఇప్పుడు 17 ఏళ్లే, మొదలెట్టేది తనే.

డ్రమ్స్: పక్కన మృదంగం కూడా పెడితే? మా బాబాయ్ రెడీగా ఉన్నారు.

సాంస్కృతిక విభాగం: బాబాయ్ గారంటే గౌరవమే గానీ దీనికొద్దు. ఎందుకో చెప్తాను. క్రాపర్, గాయకుడు విల్సన్ పికెట్ కలిసి "ఇన్ ది మిడ్‌నైట్ అవర్" రాసింది లొరెయిన్ మోటెల్‌లో. మన పిల్లలు ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లే పౌరహక్కుల మ్యూజియం ఉంది చూడండి, అదే. 1965లో ఆ పాట రికార్డు చేస్తుంటే నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ అప్పటి కుర్రకారు డాన్సు తనే వేసి చూపించాడట, ఒత్తు రెండో దెబ్బ మీద పడాలని. అల్ జాక్సన్ డ్రమ్ము, క్రాపర్ గిటార్ ఆ దెబ్బను వెంట్రుకవాసి ఆలస్యంగా, రెండూ ఒక్కసారే కొట్టాయి. మీరు సాధన చెయ్యాల్సింది అది. మృదంగం వస్తే ఆ సందు నిండిపోతుంది.

సీనియర్స్ క్లబ్ పెద్దాయన: అమ్మాయ్, నువ్వు పంపిన లింకుల్లో "సోల్ లింబో" విన్నాను. ఇది క్రికెట్ పాట కదా! లండన్‌లో మా అన్నయ్య ఇంట్లో ఉన్నప్పుడు బీబీసీలో టెస్ట్ మ్యాచ్ మొదలయ్యే ముందు ఇదే వచ్చేది. మెంఫిస్‌దని ఇన్నేళ్లకి తెలిసింది.

సాంస్కృతిక విభాగం: అవునండీ, ఈ బుకర్ టి. బృందానిదే, 1968. మొదట అదే వాయిద్దాం, బాబాయిలందరూ ఫోన్లు పక్కన పెడతారు.

సౌండ్: కిందటేడు అద్దెకొచ్చినాయన అన్ని మైకులకీ ఎకో పెట్టి పంచాంగ శ్రవణాన్ని బావిలోంచి చదివించినట్టు చేశాడు. ఈసారి బోర్డు దగ్గర నేనే కూర్చుంటా. ఎకో లేదు. గిటార్‌కి చిన్న ఆంప్ చాలు.

పాటల టీమ్: గ్రీన్ ఆనియన్స్‌కి నేను తెలుగు మాటలు రాస్తే పాడటానికి ఇద్దరున్నారు వదినా.

సాంస్కృతిక విభాగం: వద్దమ్మా, దండం. మన స్టేజి మీద ఎప్పుడూ పాడేవాళ్లే ముందుంటారు. సినిమా పాట వెనక గిటార్ వాయించినాయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఈ ముప్పావు గంటా వెనకవాళ్లే ముందు. పాడేది ఒక్కటే, "డాక్ ఆఫ్ ది బే". స్టాక్స్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్, క్రాపర్ కలిసి రాశారు. రికార్డింగ్ అయిన కొద్ది రోజులకే, 1967 డిసెంబర్ 10న, రెడ్డింగ్ విమాన ప్రమాదంలో పోయాడు. స్నేహితుడి గొంతు స్పీకర్లో వింటూ క్రాపరే ఆ పాట పూర్తి చేశాడు. అలల చప్పుడు, పక్షుల అరుపులు అప్పుడు చేర్చినవే. చివర్లో రెడ్డింగ్ వేసిన ఈల ఉంటుంది. మనకి ఈల వేసేవాళ్లు కావాలి.

సీనియర్స్ క్లబ్ పెద్దాయన: ఈల నేను వేస్తాను. పళ్లు కట్టించుకున్నాక వస్తుందో రాదో శనివారం చూద్దాం.

సాంస్కృతిక విభాగం: శనివారం నాలుగింటికి రిహార్సల్, మా గరాజ్‌లో. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎవరు తెస్తున్నారో ఇంకా ఎవరూ చెప్పలేదు.