సినిమా మధ్యలో తెర నల్లబడుతోంది, సౌండ్ మాత్రం ఆగట్లేదు: లోపం ఎక్కడ ఉండొచ్చు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా హాల్లో ఒక గోడకి టీవీ ఉంది. ఏవీ రిసీవర్ (స్పీకర్లకి సౌండ్ ఇచ్చే పెట్టె), స్ట్రీమింగ్ బాక్స్ ఎదురు గోడ దగ్గర షెల్ఫ్‌లో ఉన్నాయి. బాక్స్ నుంచి రిసీవర్‌కి ఒక మీటరు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాం. రిసీవర్ నుంచి టీవీకి గోడలోని పైపు గుండా పది మీటర్ల కేబుల్ వెళ్తుంది. అది ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నప్పుడు వేయించింది. ఈమధ్యే 4కే టీవీ కొన్నాం.

అప్పట్నుంచి ఐదు పది నిమిషాలకోసారి తెర రెండు సెకన్లు నల్లగా అయిపోయి మళ్లీ వస్తోంది. చీకటి సీన్లలో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు మెరుస్తున్నాయి. సౌండ్ మాత్రం ఆగదు. టీవీలోనే ఉన్న యాప్‌లో అదే సినిమా పెడితే బొమ్మ బాగుంటుంది, సౌండ్ రిసీవర్ స్పీకర్లలోనే వస్తుంది. ప్యానెల్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. రిసీవర్ మార్చాలా?

జవాబు:
రిసీవర్‌లో హెచ్‌డీసీపీ 2.2 (సినిమాలు కాపీ కాకుండా కాపాడే తాళం లాంటిది) లేదేమో చూడండి. అది లేకపోతే 4కే సినిమాలు ఆడవు. మార్చడమే మేలు.

మరో జవాబు:
అప్పుడే మార్చకండి. హెచ్‌డీసీపీ 2.2 లేకపోతే సాధారణంగా బొమ్మ అసలు రాదు, లేదా ఫుల్ హెచ్‌డీకి దిగిపోతుంది. ఉప్పు చల్లినట్టు చుక్కలు రావు. చుక్కలు కనిపిస్తున్నాయంటే సిగ్నల్ వస్తోంది కానీ దారిలో దెబ్బతింటోందని అర్థం.

మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. టీవీ యాప్‌లో బాగుంది కాబట్టి ప్యానెల్‌కి ఏమీ కాలేదు, ఆ భయం వదిలేయండి. హెచ్‌డీఎంఐలో బొమ్మ, సౌండ్ ఒకే దారిలో కలిసి వస్తాయి. బాక్స్‌కీ రిసీవర్‌కీ మధ్య లోపం ఉంటే సౌండ్ కూడా తెగాలి. అది తెగట్లేదు కాబట్టి అక్కడిదాకా బాగున్నట్టే. ఇక మిగిలింది రిసీవర్ నుంచి టీవీదాకా ఉన్న దారి.

నా అనుమానం ఆ పది మీటర్ల కేబుల్ మీదే. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఫ్రేములు) బొమ్మకి సెకనుకి సుమారు 4.5 గిగాబిట్ల దారి చాలు. 4కే 24 హెర్ట్జ్‌కి దాదాపు 9 కావాలి, 4కే 60 హెర్ట్జ్‌కి దాదాపు 18. పాత టీవీతో ఆ కేబుల్ మీద పడిన బరువుకి ఇది నాలుగు రెట్లు. కేబుల్ చెడిపోయిందని కాదు, ఇంత బరువు ఎప్పుడూ మోయలేదంతే.

ఊహతో ఏదీ కొనకుండా ముందు పరీక్షించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. బాక్స్‌ని 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీలో పెట్టి ఒక సినిమా చూడండి. తర్వాత 4కే 24 హెర్ట్జ్, తర్వాత 4కే 60. చివరగా రిసీవర్‌ని పక్కన పెట్టి, పొడుగు కేబుల్‌ని నేరుగా బాక్స్‌కే తగిలించండి. అప్పుడూ చుక్కలు వస్తే రిసీవర్ తప్పేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
రెండు రోజులు కూర్చుని అన్నీ చేశానండీ. 1080పీలో సినిమా మొత్తం శుభ్రంగా ఆడింది. 4కే 24లో కూడా. 4కే 60 పెట్టగానే పది నిమిషాల్లో చుక్కలు మొదలు. రిసీవర్ తీసేసి చూసినా అంతే.

ఇంకోటి గమనించాను. టార్చ్ వేసి టీవీ వెనక చూస్తే, గోడ బ్రాకెట్‌కి ఆని కేబుల్ ప్లగ్ మొదట్లోనే ఎల్ ఆకారంలో మడతపడి ఉంది. ప్లగ్‌ని వేలితో కాస్త పైకెత్తితే బొమ్మ పోయింది, వదిలితే వచ్చింది. మడత సరిచేశాక చుక్కలు తగ్గాయి కానీ పోలేదు.

ఈ సెట్టింగ్‌లన్నీ కదిపాక నలుపు కాస్తా బూడిద రంగులో కనిపిస్తోంది. ఏం చెడగొట్టానో తెలియట్లేదు.

మరో జవాబు:
ఏమీ చెడగొట్టలేదు, చాలా చక్కగా పరీక్షించారు. కేబుల్ సంగతి తేలిపోయింది.

ముందు బూడిద నలుపు చూద్దాం. వీడియోలో నలుపుని 16 దగ్గర, తెలుపుని 235 దగ్గర పెట్టే పద్ధతిని లిమిటెడ్ అంటారు. 0 నుంచి 255 దాకా వాడేది ఫుల్. బాక్స్ లిమిటెడ్‌లో పంపుతుంటే టీవీ ఫుల్ అనుకుందనుకోండి, 16 దానికి నలుపు కాదు, ముదురు బూడిద. అందుకే పొగ కమ్మినట్టు ఉంటుంది. తిరగబడితే నల్ల చొక్కా మడతలు, జుట్టు పాయలు అన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. బాక్స్‌లోనూ టీవీలోనూ ఈ సెట్టింగ్‌ని ఆటోలో పెట్టండి. కుదరకపోతే రెండింట్లోనూ లిమిటెడ్. బ్రైట్‌నెస్ తగ్గించి సరిచేయాలని చూడకండి, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

కేబుల్ మార్చేదాకా బాక్స్‌లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. చాలా సినిమాలు 24 ఫ్రేములే కాబట్టి బరువు సగానికి తగ్గుతుంది. మొదలయ్యేటప్పుడు, అయిపోయాక తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. అది మామూలే, ఈ సమస్య కాదు.

ఇంకొకరు:
పది మీటర్ల దూరానికి 18 గిగాబిట్లంటే మామూలు రాగి కేబుల్‌ని నేను నమ్మను. ఐదు మీటర్లు దాటితే సిగ్నల్‌ని కాంతి రూపంలో పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ మేలు. దానికి దిశ ఉంటుంది. సోర్స్ అని రాసిన కొస రిసీవర్‌కి, డిస్‌ప్లే అని రాసింది టీవీకి పెట్టాలి. పైపులోకి తోయకముందే నేల మీద పరిచి ఒక సినిమా చూసి తీరండి. తిప్పి పెట్టారని గోడలోకి వెళ్లాక తెలిస్తే మొత్తం మళ్లీ లాగాలి. కొన్ని ఆప్టికల్ కేబుళ్లలో ఏఆర్‌సీ (అదే కేబుల్ మీద టీవీ సౌండ్‌ని వెనక్కి రిసీవర్‌కి పంపే పద్ధతి) పనిచేయదు, కొనేముందు అది కూడా చూసుకోండి.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఏఆర్‌సీ అనగానే గుర్తొచ్చింది. టీవీ యాప్ సౌండ్ రిసీవర్‌లో వస్తోందని మొదట్లోనే రాశారు. అంటే ఆ పాత కేబుల్ మీదే ఏఆర్‌సీ పనిచేస్తోంది. అలాంటప్పుడు బాక్స్‌ని టీవీ దగ్గరికే మార్చి, ఆ మీటరు కేబుల్‌తో నేరుగా టీవీకి పెట్టండి. బొమ్మ చిన్న దారిలో వెళ్తుంది, పొడుగు కేబుల్ సౌండ్ వెనక్కి తెస్తే చాలు, దానికి అది తేలిక. టీవీ సౌండ్ సెట్టింగ్‌లో పాస్‌త్రూ (వచ్చిన సౌండ్‌ని మార్చకుండా పంపేది) పెట్టండి, లేకపోతే కొన్ని టీవీలు రెండు స్పీకర్ల సౌండే పంపుతాయి. స్ట్రీమింగ్‌లో వచ్చే ఆట్మాస్‌కి (పైనుంచి కూడా వినిపించే చుట్టూ సౌండ్) ఏఆర్‌సీ సరిపోతుంది. ముందుముందు బ్లూరే ప్లేయర్ కొని డిస్కులోని పూర్తి సౌండ్ కావాలనుకుంటే అప్పుడు ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీ కన్నా ఎక్కువ సౌండ్ మోసే కొత్త రకం) కావాలి, కొత్త కేబుల్ మాట అప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
బాక్స్ మార్చానండీ. నిన్న రాత్రి 4కే 60లో మూడు గంటలు చూశాం, ఒక్క చుక్క లేదు. రిసీవర్ మీద ఆట్మాస్ అని పడింది. లిమిటెడ్ పెట్టాక నలుపు నల్లగానే ఉంది. మీ అందరికీ చాలా థ్యాంక్స్. ఒక్కటే మిగిలింది, హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడా బాగా చూపే బొమ్మ) అని రావట్లేదు. ఇదివరకు వచ్చేది.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఇప్పుడు బాక్స్ వేరే పోర్ట్‌లో ఉంది కదా. చాలా టీవీల్లో పూర్తి 4కే సిగ్నల్ తీసుకునే సెట్టింగ్ ఏ పోర్ట్‌కి ఆ పోర్ట్‌కి విడిగా ఉంటుంది. కంపెనీని బట్టి ఎన్‌హాన్స్‌డ్ అనో, డీప్ కలర్ అనో రాసి ఉంటుంది. కొత్త పోర్ట్‌కి దాన్ని ఆన్ చేసి, బాక్స్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
వచ్చిందండీ.