ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో ఉతికిన తువ్వాళ్ళకి ముక్కిన వాసన, బోరు నీళ్ళ వల్లేనా?

ప్రశ్న (భీమవరం దగ్గర):
7 కిలోల ఫ్రంట్ లోడ్ అండి, మూడేళ్ళది. బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. 30 డిగ్రీల్లో లిక్విడ్‌తో ఉతుకుతున్నాం. ఆరిన తువ్వాలుకి ఏ వాసనా ఉండదు, తుడుచుకుని తడిస్తే మాత్రం ముక్కిన కంపు. బట్టల కండిషనర్ రెండు మూతలు పోసినా పోవట్లేదు. ముసురు రోజుల్లో మరీను. లోపం నీళ్ళదా, మెషీన్‌దా?

జవాబు 1 (మెషీన్ రిపేరు పని):
రెండిటిదీనండి. ముందు కండిషనర్ ఆపండి. అది నూలు మీద జిడ్డు పొరలా పట్టి తువ్వాలు నీళ్ళు పీల్చకుండా చేస్తుంది, మురికినీ పట్టి ఉంచుతుంది. తడిస్తేనే వాసన వస్తోందంటే సూక్ష్మజీవులు బట్టలోనే బతికున్నట్టు. మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా ఆరిన బట్టలోనూ బతుకుతుంది, 30 డిగ్రీలు దాన్నేమీ చేయవు. తువ్వాళ్ళు, దుప్పట్లు 60 డిగ్రీల్లో, ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న పౌడరుతో ఉతకండి. లిక్విడ్‌లో సాధారణంగా ఆ బ్లీచ్ ఉండదు.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు గాస్కెట్ కింది మడత వేలితో తిప్పి చూడండి. చిన్న కన్నాలుంటాయి, వెంట్రుకలూ పీచూ అడ్డుపడితే అక్కడే నీళ్ళు నిలిచి కుళ్ళుతాయి. ఉతికాక పొడిగుడ్డతో తుడిచి, తలుపు, సబ్బు ట్రే తెరిచి వదిలేయండి.

ముందువైపు కింద మూలలో డ్రెయిన్ ఫిల్టరుంటుంది. ప్లగ్గు పీకి, పళ్ళెం పెట్టి, మూత మెల్లగా విప్పండి. లీటరు పైనే నీళ్ళొస్తాయి. నెలకోసారి కడగాలి.

జవాబు 2 (పాలకొల్లు):
బోరు నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి డ్రమ్ము వెనక మడ్డిలా కడుతుంది. కాలవ నీళ్ళకి సరిపోయే సబ్బు బోరు నీళ్ళకి చాలదు. వేసవిలో కాలవలు కట్టేశాక బోరు వాడేవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మఉప్పు వేసి 60 డిగ్రీల్లో తిప్పండి. పులుపుకి మడ్డి విడుతుంది. తర్వాత ఒకసారి ఉత్త నీళ్ళతో తిప్పి, మర్నాడు 100 గ్రాముల చాకలి సోడాతో మళ్ళీ వేడిగా తిప్పితే విడిన జిడ్డు పోతుంది. రెండూ కలిపి వెయ్యకండి, ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. నిమ్మఉప్పుతో క్లోరిన్ బ్లీచ్ అసలు కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

జవాబు 3 (అమలాపురం):
డ్రెయిన్ పైపు కూడా చూడండి. మురుగు గొట్టంలోకి లోతుగా దూర్చి చుట్టూ టేపు వేస్తే గాలి ఆడక మురుగు కంపు మెషీన్లోకి ఎక్కుతుంది. పైపు కొస మాన్యువల్‌లో చెప్పిన ఎత్తులోనే ఉండాలి.
ముసురప్పుడు స్పిన్ రెండోసారి తిప్పి, తువ్వాళ్ళు ఒంటి పొరగా, మధ్యలో జానెడు ఖాళీ వదిలి, ఫ్యాను కింద ఆరెయ్యండి. మెషీన్లో గంటల తరబడి ఉంచితే ఉతికిందంతా వృథా.

ప్రశ్న అడిగినవారు:
గాస్కెట్ మడతలో జిగురు, నల్ల మచ్చలు ఉన్నాయండి. రుద్దితే జిగురు పోయింది, మచ్చలు పోలేదు.

జవాబు 1:
నిమ్మఉప్పు వేసిన రోజు కాకుండా వేరే రోజు, కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని, ఒక వంతు క్లోరిన్ బ్లీచ్ పది వంతుల నీళ్ళలో కలిపి, గుడ్డ తడిపి మడతలో అరగంట ఉంచండి. తర్వాత ఖాళీగా రెండుసార్లు నీళ్ళతో తిప్పండి. బూజు రబ్బరు లోపలికి దిగితే మచ్చ పోదండి. వాసన పోతే మచ్చని వదిలేయండి. వాసన కూడా ఉంటే మీ మోడల్ నంబరు చెప్పి కొత్త గాస్కెట్ వేయించండి.