బీజింగ్‌లో స్టైనర్ ఆఖరి ప్రయత్నానికి 258 కిలోలే ఎందుకు అడిగారు?

ప్రశ్న – ఉక్కుకమ్మి

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ 105 కిలోల పై విభాగం పోటీని మొన్న మళ్లీ చూశాను. జర్మనీ తరఫున దిగిన మథియాస్ స్టైనర్ క్లీన్ అండ్ జెర్క్‌లో (బార్‌ను ముందు భుజాల మీదికి తెచ్చుకునేది క్లీన్, ఆపై తల మీదికి ఎత్తేది జెర్క్) 246 కిలోలతో మొదలుపెట్టి విఫలమయ్యారు, రెండోసారి 248 ఎత్తారు, మూడోసారి ఏకంగా 258 అడిగారు. నేను జిల్లా స్థాయి వరకు బరువులెత్తినవాణ్ణి. ఆఖరి ప్రయత్నానికి మా కోచ్ గారు మూడు నాలుగు కిలోలకు మించి పెంచనిచ్చేవారు కారు. ఒలింపిక్ వేదిక మీద పది కిలోలు పెంచడాన్ని సాహసం అనాలా, లెక్క అనాలా? నియమాలు తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు – స్కోరుబల్ల

బరువు అడగడం వరకు అది పూర్తిగా లెక్కేనండి. రష్యాకు చెందిన యెవ్గెనీ చిగిషెవ్ స్నాచ్‌లో (బార్‌ను నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తే పద్ధతి) 210, క్లీన్ అండ్ జెర్క్‌లో 250 ఎత్తి మొత్తం 460 చేశారు. స్టైనర్ స్నాచ్ 203 మాత్రమే. 257 ఎత్తితే ఆయనకూ 460 వచ్చి సమమయ్యేది, కాని అప్పటి నియమం ప్రకారం మొత్తాలు సమానమైతే శరీర బరువు తక్కువ ఉన్నవారిదే గెలుపు. ఇద్దరిలో చిగిషెవ్ చాలా తేలిక కాబట్టి 257తో స్వర్ణం దక్కదు, 258తో మాత్రమే దక్కుతుంది. పైగా 248తోనే స్టైనర్ మొత్తం 451కి చేరింది, లాత్వియాకు చెందిన విక్టర్స్ షెర్బాతిహ్స్ 448 దగ్గర ఆగారు. అంటే బార్ జారిపడినా రజతం చేతిలోనే ఉంది, 250 ఎత్తినా 255 ఎత్తినా ఆ రజతం స్వర్ణంగా మారదు. మీ కోచ్ గారు మూడు నాలుగు కిలోల దగ్గర ఆపడం మొత్తాన్ని మెరుగుపరచుకోవలసిన పోటీలలో సరైన పద్ధతే, ఇక్కడ మాత్రం పతకం రంగు ఒక్కటే మిగిలింది.

జవాబు – వేదికముందు

పై లెక్కతో నాకు పేచీ లేదు, అయితే 258 ఎందుకు అడిగారన్నదానికే అది సమాధానం, ఎలా ఎత్తారన్నదానికి కాదు. 20 కిలోల బార్‌కు అటూ ఇటూ 25 కిలోల ఎర్ర ప్లేట్లు నాలుగేసి ఎక్కించినా 258కి ఇంకా చాలా దూరమే. అంత బరువును గొంతుక కింద భుజాల మీదికి తెచ్చుకుని గొంతుక్కూర్చున్న మనిషికి లేవడానికే సగం శక్తి ఖర్చవుతుంది, ఊపిరి బిగబట్టి నిలబడ్డాక జెర్క్‌కు కావలసిన కాళ్ల బలం ఇంకా మిగిలి ఉండాలి. ఎంతోమంది క్లీన్ చేసి జెర్క్‌లో వదిలేసేది ఇందుకే. కొద్దిసేపటి ముందు 246 దగ్గర విఫలమైన మనిషి దీన్ని నిలబెట్టి, అరుస్తూ గెంతడం ఎన్నిసార్లు చూసినా నా ఒళ్లు జలదరిస్తుంది. 2007లో రోడ్డు ప్రమాదంలో మరణించిన భార్య సుజాన్ ఫొటోను ఆయన పతకంతో పాటు పట్టుకుని పోడియం మీద నిలబడ్డారు. ఆ లిఫ్ట్ గురించి మాట్లాడేటప్పుడు ఆ ఫొటోను పక్కన పెట్టడం నాకు సాధ్యం కాదు.

జవాబు – సిక్కోలు చదువరి

మన కరణం మల్లీశ్వరి గారి ఆఖరి ప్రయత్నం గుర్తుకు వచ్చింది. 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి, మూడోసారి 137.5 అడిగి విఫలమై, 240తో కాంస్యం తెచ్చారు. మొదటి ఇద్దరిలో ఒక్కొక్కరి మొత్తం 242.5 కాబట్టి 135 అడిగినా స్వర్ణానికి సరిపోయేదని మా శ్రీకాకుళం వైపు ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదన న్యాయమేనంటారా?

జవాబు – స్కోరుబల్ల

తుది పట్టిక చూస్తే 135తో 245 అయ్యేది, నిజమే. అయితే ఆ పట్టిక పోటీ ముగిశాక మన చేతికి వచ్చింది. తక్కువ బరువు అడిగినవారు ముందు ఎత్తుతారు, బార్ మీద బరువు తగ్గించరు. ప్రత్యర్థికి ఇంకొక ప్రయత్నం మిగిలి ఉంటే, ఆ క్షణాన కోచ్ ఊహించవలసింది ఆ ప్రత్యర్థి చేరుకోగల మొత్తాన్ని కూడా. అప్పట్లో బరువు 2.5 కిలోల మెట్లలోనే పెరిగేది, బీజింగ్ నాటికి ఒక్క కిలో పెంచినా చాలు. పాత పద్ధతిలో స్టైనర్ 258 అడగడమే కుదిరేది కాదు, ఆయన గెలిచిన తేడా సరిగ్గా ఆ ఒక్క కిలోయే, 461కి 460.