ఈవీఎం భద్రత మీద ప్రసంగం: గుర్తుల లోడింగ్ చూసినవాళ్లు ఉన్నారా? చొక్కా ఏ రంగుది వేయాలి?

తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ సదస్సులో ఈవీఎం భద్రత మీద 20 నిమిషాల ప్రసంగం ఉంది. తెలిసినవాళ్లు సాయం చేయండి.

2010లో హైదరాబాద్ ఇంజినీర్ హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ హాల్డర్‌మన్ బృందం ఈవీఎం మీద చేసి చూపిన దాడులు రెండు: ఫలితం చూపే డిస్‌ప్లే బోర్డు మార్చేయడం, మెమరీ చిప్‌కు క్లిప్పు తగిలించి ఓట్లు మార్చడం. రెండింటికీ యంత్రం చేతికందాలి, మూత విప్పాలి. అప్పటి యంత్రానికి వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) కూడా లేదు. మూత తెరిస్తే ఇప్పటి ఎం3 రకం ఈవీఎం పనిచేయడం మానేస్తుందని ఎన్నికల సంఘం మాట. కాబట్టి ఆ దాడుల పాత వీడియో వేసి "ఇదిగో హ్యాకింగ్" అంటే సభలో ఎవరో ఒకరు పట్టేస్తారు.

నా అసలు సందేహం సింబల్ లోడింగ్ యూనిట్ దగ్గర. అభ్యర్థుల జాబితా ఖరారయ్యాక పేర్లు, గుర్తులు వీవీప్యాట్‌లోకి ఎక్కేది దాని ద్వారానే. 2024 ఏప్రిల్ 26 తీర్పులో సుప్రీంకోర్టు ఆ యూనిట్లను సీల్ చేసి, ఫలితాల తర్వాత కనీసం 45 రోజులు స్ట్రాంగ్ రూంలో ఉంచమంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అభ్యర్థుల తరఫున వెళ్లినవాళ్లు చెప్పండి: ఎక్కించేటప్పుడు గుర్తులు తెర మీద కనబడ్డాయా? సీల్ నంబర్లు రాసుకోనిచ్చారా? సంతకం ఏ దశలో తీసుకున్నారు?

ఇక బట్టలు. ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ముదురు ప్యాంటు, బూట్లు చాలనుకుంటున్నా; ఈ ఎండకు బ్లేజర్ దండగ. కాలర్ లేని టీషర్టుకు చిన్న మైకు నిలవదు. పసుపు వేసినా, నీలం వేసినా "ఏ పార్టీ బాబూ?" అంటారు. తెల్లదైతే ఏకంగా నాయకుడే. లేత బూడిద రంగు స్టేజీ లైట్లకు మరీ వెలిసినట్టు కనబడుతుందా?