సొరబుర్రను తాగునీటి పాత్రగా మలచడం ఎలా?

ప్రశ్న (పెరటితోట):
మా పెరట్లో పొడవాటి మెడ ఉన్న సొరకాయలను రెంటిని కూరకు కోయకుండా ముదరనిస్తున్నాను. అరకు, బస్తర్ వైపు ఆదివాసులు పొలానికి నీళ్లూ అంబలీ తీసుకువెళ్లే బుర్రల వంటివి చేయాలని నా కోరిక. కాయ కుళ్లకుండా ఎండాలంటే ఏం చేయాలి? మొద్దుకే కాసే కాలబాష్ చెట్టు కాయలకూ ఇదే పద్ధతా?

సమాధానం (కొండదారి):
తొందరపడి కోయడమే కాయ కుళ్లడానికి ముఖ్య కారణం. తీగ ఎండి, తొడిమ గోధుమరంగుకు తిరిగి, గోరు దిగనంతగా తొక్క గట్టిపడిన తరువాతే కోసి, గాలి ఆడే నీడలో నెలల తరబడి వదిలేయాలి. పైన బూజు కనిపిస్తే తుడిచివేస్తే చాలు. ఊపినప్పుడు లోపల గింజలు గలగలలాడితే ఎండినట్లే. అప్పుడు మెడ కొసను కోసి, నీళ్లు నింపి కొన్నాళ్లు నానబెడితే లోపలి గుజ్జు మెత్తబడుతుంది. గులకరాళ్లు వేసి బాగా గిలకరించి, నీళ్లు మారుస్తూ కడగండి. ఈ జాతి కాయల చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు విషపదార్థాలు కనుక, నిలవ ఉంచిన నీటికి ఏమాత్రం చేదు తగిలినా ఆ బుర్రను తాగడానికి వాడవద్దు.

సమాధానం (వృక్షప్రియ):
చెట్టుకాయ పద్ధతి వేరు. సొర గుమ్మడి కుటుంబపు తీగ, పుట్టిల్లు ఆఫ్రికా. కాలబాష్ అమెరికా ఉష్ణప్రాంతాల చెట్టు, దాని పూలకు పరాగసంపర్కం చేసేవి గబ్బిలాలు. ఆ కాయను పచ్చిగానే రంపంతో రెండు చిప్పలుగా కోసి, గుజ్జు గీకి, ఉడికించి ఆరబెడతారు. మెక్సికోలో చాక్లెట్ పానీయం తాగే గిన్నెలు అలా తయారైనవే. దక్షిణ అమెరికాలో ‘మాటే’ అనే ఆకు కషాయం తాగే బుర్రలు మాత్రం ఎక్కువగా సొరవే. దాదాపు 10,000 ఏళ్ల కిందటే సొర అమెరికా ఖండాలకు చేరింది; ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ ప్రవాహాల మీద తేలుతూ వెళ్లి ఉంటుందని 2014లో వెలువడిన జన్యు పరిశోధన సూచించింది. నీరు చొరని తొక్క లోపల గింజలు సముద్రంలోనూ చాలాకాలం బతికి ఉండగలవు.

సమాధానం (తంబురా):
పాత్రకు నడుము కావాలంటే కాయ లేతగా ఉన్నప్పుడే మెత్తని గుడ్డపేలికతో వదులుగా కట్టండి, పెరిగేకొద్దీ అక్కడ నొక్కు పడుతుంది. మహారాష్ట్రలోని మిరజ్‌లో తంబురాలకు వాడే పెద్ద బుర్రలకైతే ఇటువంటి నొక్కు పనికిరాదు, గుండ్రంగా పెరిగిన కాయే కావాలి. వాడిన ప్రతిసారీ కడిగి, బోర్లించి ఆరనివ్వండి. తడి ఉండగానే మూత బిగిస్తే లోపల బూజు పడుతుంది.