జ్ఞానదంతం తీయించి ఐదు వారాలైంది, కింది పెదవికి స్పర్శ రాలేదు: ఇంకా ఆగవచ్చా?

దేవరకొండ నుంచి ప్రశ్న:
నమస్కారం. ఐదు వారాల కింద నల్లగొండలోని ఒక దంతవైద్యశాలలో కుడివైపు కింది దవడలో అడ్డంగా పెరిగిన జ్ఞానదంతాన్ని ఎముక కొంత కోసి తీశారు. మత్తు దిగినా ఆ వైపు కింది పెదవి, గదవ మొద్దుబారే ఉన్నాయి. జొన్నరొట్టె తింటూ రెండుసార్లు పెదవి కొరుక్కున్నాను. గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు తగిలినా తెలియడం లేదు. రెండు వారాల్లో అదే తగ్గుతుందని బీ12 మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులుగా అక్కడ చీమలు పాకినట్టుంది. మూతి వంకరపోతుందేమోనని ఇంట్లోవాళ్ల భయం. హైదరాబాద్ వెళ్లాలా?

నార్కెట్‌పల్లి నుంచి జవాబు:
నేను నోరు, దవడల శస్త్రచికిత్స చేసే వైద్యుణ్ణి. మూతిని కదిలించే నరం వేరు కాబట్టి వంకరపోతుందన్న భయం వద్దని ఇంట్లో చెప్పండి. మీకు దెబ్బతిన్నది కింది దవడ ఎముకలోని కాలువ గుండా వచ్చి, గదవ దగ్గర బయటపడి పెదవికి స్పర్శనిచ్చే నరం. కొందరిలో జ్ఞానదంతం వేళ్లు ఆ కాలువను ఆనుకునే ఉంటాయి. నరం కేవలం నలిగితే వారాల్లో తేరుకుంటుంది. పైపొర నిలిచి లోపలి పోగులు తెగితే అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ పెదవిని చేరాలి, అందుకే నెలలు పడుతుంది. చీమలు పాకినట్టుండటం ఆ పెరుగుదలకు గుర్తు కావచ్చు.

అయితే ఊరికే ఆగడం వేరు, కొలుచుకుంటూ ఆగడం వేరు. కళ్లు మూసుకుని ఇంట్లో ఒకరితో దూదిపోగు తాకించుకోండి, తెలియని చోటు అంచులను పెన్నుతో గీయించి ఫోటో తీయించుకోండి, రెండు వారాలకోసారి మళ్లీ చేయండి. ఆ గీత లోపలికి జరుగుతుంటే ఆగవచ్చు. మూడు నెలలకూ కదలకపోతే సీబీసీటీ (దవడ ఎముకను, నరం కాలువను అన్ని వైపుల నుంచీ చూపే) స్కాన్ తీయించుకుని, నరాన్ని సూక్ష్మదర్శిని కింద సరిచేసే శస్త్రవైద్యులను కలవండి. ఆరు నెలలు దాటితే ఫలితం తగ్గుతూ పోతుంది. బీ12 వల్ల హాని లేదు కానీ దాని మీదే భారం వేయకండి. అన్నట్టు, ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే మర) పెట్టాక ఇలా జరిగితే వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు, అది నరాన్ని నొక్కుతుంటే వెంటనే తీయించాలి.

మహబూబ్‌నగర్ నుంచి మరొకరు:
నాకు ఇలాగే నాలుక ఒకవైపు మొద్దుబారి, రుచి పోయి, తర్వాత మంట మొదలైంది. మామూలు నొప్పి మాత్రలు పనిచేయలేదు. నరాల వైద్యులు నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చాక నిద్ర పట్టింది. మీకూ మంట, కరెంటు కొట్టినట్టు పోటు మొదలైతే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి.

దేవరకొండ నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రే మా ఆవిడతో గీత గీయించుకున్నాను. పెదవి మూల దగ్గర వేలెడు మేర దూది తెలిసింది, గదవ మీద ఏమీ తెలియలేదు. రెండు వారాల తర్వాత ఇక్కడే రాస్తాను.